వెండిపూతపై పసుపు సిరా

1948 మార్చి 14వ తేదీన విశాఖపట్టణంలో జవహర్‌లాల్ నెహ్రూ జలప్రవేశం చేయించిన 'జలఉష' ఓడకు మూరెడు నమూనా చేయదలచామనుకొందాం. కొయ్యతో ఓడ ఆకారం చెక్కవచ్చు, పొగగొట్టం నిలబెట్టవచ్చు. చిక్కంతా వెనుకనున్న ప్రొపెల్లరుతోనే. ఓడల ప్రొపెల్లర్లను సాధారణంగా కంచువంటి రాగి మిశ్రలోహాలతో పోస్తారు. అవి ఉప్పునీటికి ఓర్చుకొంటాయి. నమూనాలో వేలిగోరంత ఉండే ఆ రెక్కలకు పసుపుపచ్చ రంగు పూసి చూడండి. లోహంలా ఉండదు, పసుపుకొమ్ములా ఉంటుంది. ఎందుచేత?

కారణం మెరుపులో ఉన్నది. ఎర్రని లక్కపిడతమీద దీపపు ప్రతిబింబం ఒక చుక్కగా కనబడుతుంది. ఆ చుక్క ఎరుపు కాదు, తెలుపు. పైబడిన కాంతిలో నూటికి సుమారు నాలుగు పాళ్ళు లోపలి రంగుతో ప్రసక్తి లేకుండా పైతలంనుండే తిరిగివస్తుంది. బంగారు ఉంగరం సంగతి వేరు. దానిమీది మెరుపుచుక్క కూడా పసుపే! బంగారం ఎరుపు, పసుపు కిరణాలను దాదాపు పూర్తిగా పరావర్తనం చేసి, నీలికిరణాలలో నూటికి 40 పాళ్ళు మాత్రమే వెనక్కు పంపుతుంది. వెండి, అల్యూమినియం ఇటువంటి పక్షపాతం చూపవు; కనుకనే అవి తెల్లగా మెరుస్తాయి.

అయితే తెల్లని లోహంమీద, నీలాన్ని మాత్రం అడ్డగించే పారదర్శకమైన పొరను పరిస్తే? కాంతి లోపలికి పోయేటప్పుడొకసారి, తిరిగివచ్చేటప్పుడొకసారి ఆ పొరను దాటాలి. ఒక పూత నీలాన్ని నూటికి 80 పాళ్ళు పోనిస్తుందనుకొంటే, రానుపోను మిగిలేది 64. రెండు పూతలు వేస్తే 41. అల్యూమినియం తాను మింగే కొద్దిపాటిని వదిలివేస్తే, ఇది బంగారపు లెక్కే.

ఈ కిటుకు పాతదే. గుజరాతులోని సంఖేడా పనివారు కొయ్యసామానుపై తగరంతో చిత్రాలు వేసి, పైన లక్క పూస్తారు. లక్కకున్న తేనెరంగువల్ల తగరం బంగారమై కూర్చుంటుంది.

మన నమూనాకు లక్క బదులు సిరా చాలు. ముందు అల్యూమినియం రంగును పలుచగా పూయాలి. అందులో ఉన్నవి గుండ్రని రేణువులు కావు, అతి సన్నని రేకులు. అవి తలానికి అంటి బల్లపరుపుగా పడుకొంటేనే అద్దంలా పనిచేస్తాయి. అడ్డదిడ్డంగా నిలిస్తే బూడిదరంగే మిగులుతుంది. పూర్తిగా ఆరిన తరువాత పసుపు సిరాలో ఇసుమంత గోధుమ సిరా కలిపి కుంచెతో అద్దాలి. మామూలు రంగు ఇక్కడ పనికిరాదు. దానిలోని రేణువులు కాంతిని చెదరగొట్టి అడుగునున్న అద్దాన్ని కప్పివేస్తాయి. సిరాలో రంగు పూర్తిగా కరిగి ఉంటుంది. పాలకూ డికాక్షనుకూ ఉన్న భేదమే ఇది.

తడిసిరా తలతన్యతవల్ల రెక్కల మొదళ్ళలోకి చేరి అక్కడ ముదురుతుంది. అది మనకు మేలే, లోతు కనబడుతుంది. చదునైనచోట మాత్రం ఆరే చుక్క అంచున కాఫీమరకవంటి వలయం కడుతుంది. అంచున నీరు త్వరగా ఆవిరికావడం, ఆ లోటు తీర్చడానికి లోపలి ద్రవం రంగును మోసుకొంటూ అంచుకు ప్రవహించడం ఇందుకు కారణమని 1997లో చికాగో విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు వివరించారు. పొడికుంచెతో మిగులును పీల్చివేస్తే సరి.

అసలు బెడద ఎండ. పసుపుకొమ్మునుండి తీసిన రంగు ఎంత అందంగా ఉన్నా కిటికీ దగ్గర నిలువదు. ప్రొపెల్లరు మళ్ళీ వెండిదవుతుంది. నిలిచే రంగు కావాలంటే ఐరన్ ఆక్సైడును ఆశ్రయించాలి. రేవుపట్టణంలో ఇనుమును తినివేసే తుప్పుకు ఇది దగ్గరి చుట్టమే! దాని రేణువులను కాంతి తరంగదైర్ఘ్యంకన్న ఎన్నోరెట్లు చిన్నవిగా చేస్తే అవి కాంతిని చెదరగొట్టవు, సిరావలెనే పారదర్శకంగా ఉంటాయి.

పిల్లలు నోట పెట్టుకొనే బొమ్మలకు లెక్క మారుతుంది. సీసపు క్రోమేటు ఎండకు బాగా ఓర్చే పసుపే కాని, అది విషం. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడుకర్ర బొమ్మలకు చెట్లనుండి తీసిన రంగులనే లక్కలో కలిపి వాడుతున్నారు. కొంత వెలిసినా అక్కడ అదే తగినది. అటువంటి లక్కబొమ్మమీద సిరా ప్రయత్నించేవారు నీటిసిరానే ఎన్నుకోవాలి. స్పిరిటుసిరా తగిలితే లక్క కరిగి, ఉన్న మెరుగు కూడా పోతుంది.