లేసరు ముద్రణయందు అక్షరము నిలుచు విధము

సీసపు అక్షరములు కూర్చి అచ్చొత్తు పద్ధతియందు నూనెసిరా కొంత కాగితములోనికి ఇంకి, కొంత గాలికి ఆరి గట్టిపడును. లేసరు ప్రింటరునందు సిరా లేదు. టోనరను నల్లని పొడి కలదు. అది వేడికి కరగు ప్లాస్టిక్కు రేణువుల సముదాయము. నలుపునకై మసియు, తరచుగా కొంత మైనమును అందు చేరియుండును. ఒక్కొక్క రేణువు సాధారణముగా మిల్లీమీటరులో నూరవ వంతునకు మించదు. ఇట్టి పొడితో ఏర్పడిన అక్షరము నిలుచుటయు రాలుటయు కాగితపు నడకపైనను వేడిమిపైనను ఆధారపడియున్నవి.

1938లో అమెరికాయందు చెస్టర్ కార్ల్‌సన్ విద్యుదావేశముచే పొడిని ఆకర్షించి ప్రతులు తీయు పద్ధతిని కనిపెట్టెను. 1970 ప్రాంతమున జీరాక్సు సంస్థయందలి గారీ స్టార్క్‌వెదర్ దానికి లేసరు కిరణమును జోడించెను. కిరణము డ్రమ్ముపై అక్షరరూపమును గీయగా పొడి అచ్చోటనే అంటి, పిదప కాగితముపైకి దిగును. అయినను అప్పటికది విద్యుదాకర్షణచే మాత్రమే నిలిచియుండును. వ్రేలు తగిలిన చెరగును.

ట్రేలోని కాగితమును రబ్బరు రోలరొకటి ముందునకు లాగును. ఒరపిడి గల చిన్న మెత్త రెండవ కాగితమును వెనుకకు ఆపును. కాగితపు అంచు, కదలక నిలిచియున్న మరి రెండు రోలరులకు తగిలి క్షణకాలము ఆగును. వెనుకనుండి త్రోపుడు సాగుటచే వంకరగా వచ్చిన అంచు తిన్ననగును. డ్రమ్ముపై రూపము చేరువగు సమయమునకు సరిగా ఆ రోలరులు తిరుగనారంభించును. లేనిచో పంక్తులు పైకో క్రిందికో జరుగును. దారిలోని మీటలను కాగితము నిర్ణీతకాలమున తాకకున్నను, విడువకున్నను, అది చిక్కుకొన్నదని యెంచి యంత్రము ఆగిపోవును.

తుదకు కాగితము ఫ్యూజరను భాగమును చేరును. అచట సుమారు 180 నుండి 200 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమి గల రోలరును, దానిని ఒత్తు మెత్తని రబ్బరు రోలరును కలవు. నిమిషమునకు 20 పుటలు తీయు యంత్రమున కాగితము సెకనుకు 10 సెంటీమీటరులకు పైగా నడచును. ఒత్తిడి తగులు పట్టీ కొన్ని మిల్లీమీటరుల వెడల్పే. కావున సెకనులో పదవ వంతు గడువకమున్నే పొడి కరగి కాగితపు నారలను పట్టుకొనవలెను. వెలుపలికి రాగానే చల్లారి గట్టిపడవలెను. థర్మిస్టరను సాధనము ఉష్ణతను కనిపెట్టుచుండును. అది మితిమీరినచో వేరొక రక్షణసాధనము విద్యుత్తును త్రెంచును. లేసరునకు పూర్వము 1959లో వెలువడిన జీరాక్సు 914 ప్రతియంత్రమునకు, కాగితము అంటుకొనినచో ఆర్పుటకై చిన్న అగ్నిశామకమును జతచేయవలసివచ్చెను.

వేడి చాలకున్న పొడి రాలును. మించినచో కరగిన పొడి రోలరునకే అంటి, ఒక చుట్టు తిరిగిన పిదప పుటపై మరియొకచోట నీడవలె పడును. దళసరి కాగితము వేడిమిని ఎక్కువగా గ్రహించును. దాని రకమును ముందుగా కంప్యూటరునందు సూచించినచో పెక్కు యంత్రములు నడకను తగ్గించియో వేడిమిని హెచ్చించియో సర్దుకొనును. చెమ్మగిల్లిన కాగితమున కొంత వేడిమి నీటిని ఆవిరి చేయుటకే వ్యయమగును. యానాము, గంజాము వంటి తీరప్రాంతములందు వానకాలమున కట్ట విప్పిన కాగితమును దినములకొలది ట్రేలో ఉంచరాదు.

సభ్యుల పట్టికలు, వంశావళులు, పిల్లల వాచకములు కొలది ప్రతులలో కావలసిన సంఘములకు ఈ యంత్రము మిక్కిలి ఉపకరించును. తెలుగున ఒత్తొక్కటి రాలినను 'గుడ్డి' 'గుడి' యగును. కావున మొదటి ప్రతిని చల్లారనిచ్చి, బొటనవ్రేలితో మెల్లగా రుద్ది చూడవలెను. నలుపు వ్రేలికి అంటనిచో తక్కిన ప్రతులను తీయవచ్చును.