పసిపాపలు - పొగ

సాయంత్రం పని నుండి వచ్చిన తాత అరుగు మీద కూర్చొని చుట్ట వెలిగిస్తాడు. మనుమరాలిని ఒడిలోకి తీసుకొని ముద్దు చేస్తాడు. ఆయన ప్రేమలో లోపమేమీ లేదు. కాని చుట్ట తాగేది ఆయన ఒక్కడే అయినా, పొగ పీల్చేది ఇద్దరూ.

చుట్ట, బీడీ, సిగరెట్టు - ఏది కాలినా పొగ రెండు విధాలుగా వెలువడుతుంది. తాగేవారు పీల్చి వదిలేది ఒకటి; కాలే కొన నుండి నేరుగా గాలిలో కలిసేది మరొకటి. రెండింటిలోనూ నికోటిన్, కార్బన్ మోనాక్సైడ్ వంటి విషపదార్థాలు ఉంటాయి.

ఈ పొగ పెద్దల కంటె శిశువులకు ఎక్కువ హాని చేస్తుంది. పెద్దవారు నిమిషానికి 12 నుండి 20 సార్లు శ్వాసిస్తే, అప్పుడే పుట్టిన శిశువు 30 నుండి 60 సార్లు శ్వాసిస్తుంది. శిశువు శ్వాసనాళాలు చాలా సన్ననివి. కొద్దిగా వాచినా, కఫం చేరినా గాలి ఆడదు. నాళాల లోపల ఉండే శైలికలు దుమ్మునూ, క్రిములనూ బయటికి నెడుతుంటాయి. పొగ వాటి పనిని మందగింపజేస్తుంది. అందువల్ల మామూలు జలుబు కూడ న్యుమోనియాగా మారే ప్రమాదం పెరుగుతుంది.

ఈ సంగతిని 1974లో రెండు పరిశోధనలు వెల్లడించాయి. ఒకటి లండన్ దగ్గరి హారోలోను, రెండవది జెరూసలేంలోను జరిగాయి. తల్లిదండ్రులు పొగ తాగే ఇండ్లలో, ఏడాదిలోపు శిశువులకు బ్రాంకైటిస్, న్యుమోనియా ఎక్కువగా వస్తున్నాయని హారో పరిశోధన తెలిపింది. పొగ తాగే తల్లుల బిడ్డలు ఈ జబ్బులతో ఎక్కువగా ఆసుపత్రి పాలవుతున్నారని జెరూసలేం పరిశోధన తేల్చింది.

పొగ తాగడం మగవారి అలవాటే అనుకోరాదు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీర గ్రామాలలో కొందరు స్త్రీలు కాలే కొనను నోటిలో ఉంచుకొని చుట్ట తాగుతారు. దీనిని 'అడ్డపొగ' అంటారు.

కిటికీ తెరిచినా, పక్క గదిలో తాగినా పొగ పూర్తిగా పోదు. బట్టలకూ, జుట్టుకూ అంటుకొని వస్తుంది. మానివేయడమే మేలు. అంతవరకు ఇంటికి దూరంగా తాగి, చేతులు కడుక్కొని, చొక్కా మార్చుకొని పాపను ఎత్తుకోవాలి.

రెండు నెలలలోపు శిశువు నిమిషానికి 60 సార్లు, ఆపైన ఏడాదిలోపు పాప 50 సార్లు, అంతకు మించి శ్వాసించినా, డొక్కలు ఎగరేసినా, పాలు తాగలేకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకొని పోవాలి.

బహిరంగ స్థలాలలో పొగ తాగడాన్ని 2008 అక్టోబరు 2 నుండి దేశమంతటా నిషేధించారు. ఆ నిషేధం ఇంటి గడప దాటి లోపలికి రాదు. అక్కడ నియమం పెట్టవలసినవారు ఇంటివారే.