ఐదు వాట్ల సెట్టు... నాలుగు స్పీకర్లు!

అటక మీంచి ఒక్కొక్కటే కిందికి దిగాయి. ముందుగా చెక్కపెట్టెల్లో ఉన్న ఎనిమిదంగుళాల స్పీకర్లు రెండు. తర్వాత ఇద్దరం పట్టుకుంటే గానీ కదలని పన్నెండంగుళాలది, ఒకప్పుడు టూరింగ్ టాకీసులో తెర వెనక ఉండేదట. వాల్వు రేడియోలోంచి ఊడదీసిన బుల్లి స్పీకరు ఒకటి. అన్నిటికన్నా చివర, పాత దుప్పట్లో చుట్టిన యాంప్లిఫైయర్. ఎవరింట్లోనో రేడియోగ్రామ్ పాడైపోతే దాని లోపలి భాగాలతో మా మామయ్య కుర్రతనంలో బిగించుకున్నది. దుప్పటి విప్పగానే ఆయన వాల్వుల వంక చూడలేదు. వెనకాల ఉన్న చిన్న ఇనుప దిమ్మెని వేలితో తడిమి, ‘‘ఇది బాగుంటే అన్నీ బాగున్నట్టేరా అల్లుడూ’’ అన్నాడు.

గుంటూరు జిల్లాలోని ఆ పల్లెలో మామయ్యది మైకు సెట్టు వ్యాపారం. పెళ్లయినా, నాటకమైనా, ఎన్నికల సభైనా చెట్టుకీ స్తంభానికీ గొట్టాలు కట్టింది ఆయనే. ఇప్పుడు ఆ పెంకుటిల్లు పడగొట్టి కొత్తది కడుతున్నారు. హాలు పోయేలోపు ఒక్క సాయంత్రం ఈ స్పీకర్లన్నిట్లోంచీ ఒకేసారి పాట వినాలని ఆయన కోరిక. ‘‘ఊరందరికీ పాటలు వినిపించా. మా ఇంట్లో నేను తీరిగ్గా కూర్చుని విన్నదెప్పుడు?’’ అన్నాడు.

నాలుగు స్పీకర్లేగా, ఎనిమిది తీగలేగా అనుకున్నా. పేపర్లో పనిచేసేవాడికి అన్నీ తెలుసని ఓ నమ్మకం! అన్నిటి తీగలూ కలిపి మెలేసి, యాంప్లిఫైయర్ వెనక ‘8’ అని రాసున్న చోట బిగించేశా. స్విచ్చు వేసిన కాసేపటికి వాల్వులో ఎర్రటి దీపం వెలిగింది. పాట వచ్చింది... జలుబు చేసిన గొంతులా. వాల్యూమ్ పెంచితే శబ్దం పెరగలేదు, గరగర పెరిగింది. ఏదో తీగ వదులైందేమోనని పాట నడుస్తుండగానే విప్పబోయా.

‘‘ఆగరా!’’

డెబ్భై దాటిన మనిషి అంత వేగంగా లేవగలడని అప్పుడే తెలిసింది. లేచినవాడు లేచినట్టే వెళ్లి ప్లగ్గు పీకేశాడు.

తీగ తెగిన రాత్రి

అంత కంగారు ఎందుకో ఆ తర్వాత చెప్పాడు. ఓ శ్రీరామనవమికి పందిట్లో నాటకం. అప్పటి మైకు సెట్టూ వాల్వులదే. గొట్టాల దాకా వెళ్లే తీగని గడ్డిబండి ఒకటి తగిలి తెంపేసింది. ఉన్నట్టుండి శబ్దం ఆగిపోయేసరికి సెట్టు దగ్గర కూర్చున్న కుర్రాడు వాల్యూమ్‌ని చివరిదాకా తిప్పేశాడు. లోపల ‘టప్’మని ఓ రవ్వ, వెంటనే కాలిన వాసన. ట్రాన్స్‌ఫార్మర్ పోయింది. దాన్ని మళ్లీ చుట్టించడానికి ఆ వేసవి పెళ్లిళ్ల మీద వచ్చిన డబ్బంతా అయిపోయిందట.

మనకిప్పుడు అలవాటైన ట్రాన్సిస్టర్ సెట్లకి స్పీకరు తీగలు ఒకదానికొకటి తగిలితే ప్రమాదం. వాల్వు సెట్టుకి తీగలు ఊడిపోవడమే అసలు ప్రమాదం. స్పీకరు లేకుండా పాట నడిస్తే ట్రాన్స్‌ఫార్మర్‌లోని శక్తికి పోయే దారి ఉండదు. వాల్వు వైపు చుట్టలో వోల్టేజీ ఒక్కసారిగా ఎగబాకి, సన్నటి తీగ మీది పూతని చీల్చేస్తుంది. వాల్వు పోతే మరొకటి కొనుక్కోవచ్చు. బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ 1961లో రేడియో వాల్వుల తయారీ మొదలుపెట్టింది. ఆ రోజులు వెళ్లిపోయినా రష్యా, చైనా, స్లొవేకియాల్లో ఇప్పటికీ కొత్తవి తయారవుతున్నాయి. పాత ట్రాన్స్‌ఫార్మర్‌కి అదే కొలతల్లో మరొకటి కావాలంటే మాత్రం చుట్టడం తెలిసిన చెయ్యి దొరకాలి. మామయ్య ముందుగా తడిమిన ఇనుప దిమ్మె అదే.

ఇంతకీ అది చేసే పనేంటి? మా సెట్టులో స్పీకర్లని నడిపేది ఒకే ఒక్క ఇఎల్84 వాల్వు. 1950ల్లో వచ్చిన రకం, బొటనవేలంత ఉంటుంది. ఒంటరిగా పనిచేస్తే మహా అయితే ఐదు వాట్లు ఇస్తుంది. అదీ తనకి దాదాపు 5,000 ఓమ్‌ల లోడు కనిపిస్తేనే. స్పీకరు చూస్తే ఎనిమిది ఓమ్‌లు! ఈ ఇద్దరికీ పొత్తు కుదిర్చేది ట్రాన్స్‌ఫార్మర్. స్పీకరు వైపు ఒక చుట్టుకి వాల్వు వైపు పాతిక చుట్లు ఉన్నాయనుకుందాం. పాతికని పాతికతో హెచ్చిస్తే 625. ఎనిమిది ఓమ్‌ల స్పీకరు వాల్వు కంటికి అన్ని రెట్లు పెద్దదై, సరిగ్గా 5,000 ఓమ్‌లుగా కనిపిస్తుంది.

మరి నేనేం చేశాను? ఎనిమిది ఓమ్‌లవి రెండు, పదహారుది ఒకటి, రేడియోలోని మూడు ఓమ్‌లది ఒకటి... నాలుగింటినీ ప్యారలల్‌గా కలిపితే తేలేది ఒకటిన్నర ఓమ్. వాల్వుకి అది వెయ్యి ఓమ్‌ల కిందే కనిపిస్తుంది. దానివల్ల వెంటనే ఏదీ కాలిపోదు గానీ, పాట ప్రాణం పోతుంది. పైగా ప్యారలల్‌లో తక్కువ ఓమ్‌లదే ఎక్కువ శక్తిని లాక్కుంటుంది. ఉన్న కాస్తలోనూ సగానికి పైగా అరచేయంత రేడియో స్పీకరే తినేసిందన్నమాట!

క్యాలెండర్ వెనక లెక్క

మామయ్య పాత క్యాలెండర్ కాగితం తిరగేసి పెన్సిల్ అందుకున్నాడు. ముందు ప్రతి స్పీకరుకీ మీటరు పెట్టించాడు. ఎనిమిది ఓమ్‌లది మీటరులో ఆరు దగ్గర, పదహారుది పన్నెండు దగ్గర చూపిస్తుంది. అంతమాత్రాన పాడైనట్టు కాదు. మీటరు చూసేది తీగ నిరోధాన్ని మాత్రమే, పాట నడిచేటప్పటి లెక్క వేరు. ముల్లు అసలు కదలకపోతేనే లోపలి చుట్ట తెగిందని అర్థం. కాగితం కోన్లు వేలితో మెల్లగా నొక్కి, రాపిడి లేదని చూసుకున్నాం.

రెండు ఎనిమిదుల్ని సిరీస్‌లో కలిపితే పదహారు. ఆ జంటని టాకీసు స్పీకరు పదహారుతో ప్యారలల్‌గా కలిపితే మళ్లీ ఎనిమిది! సెట్టు వెనక రాసున్న అంకె సరిగ్గా అదే. శక్తిలో సగం పెద్దదానికి, మిగతా సగంలో చెరి సగం చిన్నవాటికి.

‘‘మరి రేడియోది?’’ అన్నా.

‘‘అది పంక్తిలో కూర్చోదు’’ అన్నాడు. వెనకాల ‘4’ అని ఇంకో చోటుంది కదా, దాన్ని అక్కడ తగిలిద్దామన్నా. ఒక్కటే అయితే సరేగానీ ‘8’ మీద మూడు, ‘4’ మీద ఒకటి ఒకేసారి పెడితే వాల్వు మీద రెండు బళ్ల బరువు పడుతుందట. నాలుగూ మోగాలన్నది ఆయన కోరికే. అయినా ఆ బుల్లిదాన్ని ఆయనే తీసి గూట్లో పెట్టేశాడు.

నా అసలు అనుమానం వేరు. ఈ రోజుల్లో వందల వాట్ల హోం థియేటర్లు అమ్ముతుంటే ఐదు వాట్లని ముగ్గురికి పంచితే ఏం వినిపిస్తుంది? దీనికి జవాబు స్పీకర్లలోనే ఉంది. ఒక వాటు ఇచ్చి మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ వస్తాయో చూసేదాన్ని సెన్సిటివిటీ అంటారు. ఇప్పటి చిన్న స్పీకర్లు చాలావరకు 85 దగ్గర ఉంటాయి. పాతవాటిలో మంచివి 95 దాటతాయి. పది డెసిబెల్స్ తేడా అంటే పది రెట్ల వాట్లు. 98 డెసిబెల్స్ స్పీకరుకి ఐదు వాట్లిస్తే వచ్చే శబ్దం 85 దాంట్లోంచి రావాలంటే వంద వాట్లు పొయ్యాలి! అమెరికాలో పాల్ క్లిప్ష్ 1940ల్లో రూపొందించిన క్లిప్ష్‌హార్న్ అయితే వందకు పైనే. గది మూలనే గొట్టంలా వాడుకునే ఆ పెట్టె ఇప్పటికీ తయారవుతోంది. ఒక్క వాటు కూడా ఖరీదైన కాలంలో స్పీకర్లని అలా చెయ్యక తప్పలేదు. 1930ల్లో అక్కడి చిన్న సినిమాహాళ్లని ఎనిమిది వాట్ల వాల్వు సెట్లే నడిపాయి. ట్రాన్సిస్టర్ వచ్చి వాట్లు చవకయ్యాక కంపెనీలు చిన్న పెట్టెలవైపు మళ్లాయి.

ఇక మిగిలింది ప్లస్సూ మైనస్సూ. పాత స్పీకర్ల మీద గుర్తులు చెరిగిపోయాయి. గోడ గడియారంలోంచి ఒకటిన్నర వోల్టుల బ్యాటరీ తీసి, తీగల్ని అలా తాకించి ఇలా తీసేశాడు మామయ్య. కోన్ ముందుకి వస్తే బ్యాటరీ ప్లస్ తగిలిన వైపే స్పీకరు ప్లస్. చిన్నవాటిలో ఒకదానికి తీగలు తారుమారై ఉన్నాయి. అలాగే వదిలేస్తే ఒక కోన్ ముందుకి వస్తుంటే మరొకటి వెనక్కి పోతుంది. తబలా, మృదంగం సగం గాల్లోనే కొట్టుకుపోతాయి.

సాయంత్రం ఆరింటికి మొదలుపెట్టాం. పాటలు వచ్చింది నా ఫోన్లోంచే! మొదట్లో టాకీసు స్పీకరు చిన్నవాటిని మింగేసింది. దాని సెన్సిటివిటీ ఎక్కువ, పైగా శక్తిలో సగం వాటా దానిదే. మామయ్య దాన్ని పడమటి గదిలోకి లాగించి, ముఖం గోడవైపు తిప్పించాడు. అంతే... గొంతు చిన్నవాటి మధ్యలోంచి, మద్దెల దూరంగా పక్కగదిలోంచి వచ్చాయి. అంత చక్కగా కుదిరిందని అబద్ధం చెప్పను. సన్నటి స్వరాలు కాస్త తగ్గాయి, కుడివైపు పెట్టె అప్పుడప్పుడూ బుసకొట్టింది. వాల్యూమ్ మాత్రం సగం కూడా తిప్పలేదు. పక్కింటివాళ్లు కుర్చీలు తెచ్చుకుని వాకిట్లో కూర్చున్నారు. మామయ్య కళ్లు మూసుకుని కూర్చున్నాడు గానీ చెయ్యి మాత్రం ప్లగ్గుకి దగ్గర్లోనే ఉంది.

తొమ్మిదింటికి అత్తయ్య భోజనాలకి పిలిచింది. మామయ్య వాల్యూమ్ సున్నాకి తెచ్చి, స్విచ్చు ఆపి, ప్లగ్గు తీశాడు. నన్ను మాత్రం అడుగు భాగంలో చెయ్యి పెట్టనివ్వలేదు. లోపలి కెపాసిటర్లు కరెంటు తీసేశాక కూడా రెండు మూడు వందల వోల్టులు దాచుకుంటాయట. వాల్వు చల్లబడేదాకా ఆగి, అప్పుడు స్పీకరు తీగలు విప్పాడు.

మర్నాడు పొద్దున లేచేసరికి వంటింట్లోంచి సన్నగా పాట. గూట్లో పెట్టిన బుల్లి స్పీకరుని ‘4’ దగ్గర ఒంటరిగా తగిలించి, అత్తయ్య పప్పుల డబ్బాల పక్కన కూర్చోబెట్టాడు మామయ్య.