దక్షిణం బాల్కనీలో శంఖుపుష్పం: జూన్ వచ్చేసరికి పూలు ఎందుకు ఆగిపోతాయి?

పైన వీడియోలో మా నల్లకుంట ఫ్లాట్ బాల్కనీ చూశారు కదా. మొదటి క్లిప్ పోయినేడాది జులైలో తీసింది. గ్రిల్ నిండా ఆకు, ఒక్క పువ్వు లేదు. రెండో క్లిప్ అక్టోబరు చివర్లో తీసింది. అదే కుండీ, అదే తీగ, పొద్దున్నే పది పన్నెండు నీలం పూలు. ఈ రెండింటి మధ్యలో నేను కొత్త ఎరువు ఏదీ వెయ్యలేదు. మరి ఏం మారింది? అదే ఈ పోస్టులో చెప్తాను. ఫ్లాట్లలో పూలతీగ పెంచేవాళ్లందరికీ పనికొస్తుంది, శంఖుపుష్పం ఒక్కదానికే కాదు.

నేను చేసిన తప్పులు

మా అత్తయ్య రోజూ పూజకి నాలుగు పూలు ఉండాలంటారు. శంకర మఠానికి వెళ్లేటప్పుడు కూడా ఇంటి పూలే పట్టుకెళ్లాలని ఆవిడ కోరిక. అందుకని అంతకు ముందు ఏడాది అక్టోబరులో శంఖుపుష్పం గింజలు వేశా. కొంతమంది దీన్ని దింటెన అంటారు, అపరాజిత అని కూడా అంటారు. డిసెంబరుకల్లా పూత మొదలైంది, మార్చి దాకా రోజూ పూసింది. ఏప్రిల్‌లో తగ్గింది. మే నెల మధ్యకి పూర్తిగా ఆగిపోయింది.

బలం చాల్లేదేమో అనుకున్నా. జీవామృతం పదిహేను రోజులకోసారి పోసేదాన్ని, వారానికి రెండుసార్లు చేశా. వర్మీకంపోస్ట్ రెండు గుప్పెళ్లు అదనంగా వేశా. నీళ్లు కూడా పెంచా. ఫలితం ఏమిటంటే, అరచేతి వెడల్పు కొమ్మకి ఆకు మీద ఆకు, లేత చిగుళ్లకి పేనుబంక, పువ్వు మాత్రం సున్నా.

విచిత్రం ఏమిటంటే, అదే కాయలోని గింజలు పైఫ్లాట్ పిన్నిగారికి కూడా ఇచ్చా. ఆవిడ మేడ మీద పిట్టగోడ పక్కన పాత పెయింటు డబ్బాలో వేశారు. ఏ ఎరువూ వెయ్యలేదు. జూన్‌లో ఆ డబ్బా నీలంగా ఉంది! మా అత్తయ్య చూసి, "మా పెరట్లో దానికి ఎవరూ ఏమీ వేసేవాళ్లు కాదే అమ్మాయ్, దాని మానాన అది పూసేది" అన్నారు. అప్పుడు తట్టింది. పెరట్లో ఉన్నది, మేడ మీద ఉన్నది, మా బాల్కనీలో లేనిది ఎండ ఒక్కటే.

మే నుంచి ఆగస్టు దాకా దక్షిణం గోడకి ఎండ రాదు

మా బాల్కనీ దక్షిణం వైపు. "దక్షిణం బాల్కనీకి ఏడాదంతా ఎండ" అని చాలా వీడియోల్లో చెప్తారు. అది మనకన్నా బాగా పైన ఉన్న దేశాల వాళ్లకి నిజం. మనకి కాదు.

హైదరాబాద్ దాదాపు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. సూర్యుడు జూన్ 21 నాటికి 23.4 డిగ్రీల దాకా ఉత్తరానికి వెళ్తాడు. అంటే మన నెత్తి దాటి ఇంకా ఉత్తరానికి జరుగుతాడు. మే 9 ప్రాంతంలో ఒకసారి, తిరిగి వచ్చేటప్పుడు ఆగస్టు 3 ప్రాంతంలో ఒకసారి మధ్యాహ్నం సరిగ్గా మన నెత్తి మీద ఉంటాడు. ఆ రోజు నిటారుగా పెట్టిన కర్రకి నీడ ఉండదు. జీరో షాడో డే అని వార్తల్లో చూసే ఉంటారు.

ఈ రెండు తేదీల మధ్య, దాదాపు మూడు నెలలు, సూర్యుడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉత్తరం వైపే ఉంటాడు. అన్ని రోజులూ సరిగ్గా దక్షిణం చూసే గోడ మీద నేరుగా ఎండ పడదు. వెలుతురు ఉంటుంది, వేడి కూడా ఉంటుంది, ఎండ ఉండదు. ఉత్తరాయణం అని పండగ చేసుకుంటాం గానీ, సూర్యుడు ఉత్తరానికి జరిగితే మన బాల్కనీకి ఏమవుతుందో ఎప్పుడూ ఆలోచించం.

డిసెంబరులో దీనికి పూర్తిగా రివర్స్. మధ్యాహ్నం సూర్యుడు దక్షిణం వైపు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. ఎదురు బిల్డింగ్ అడ్డం లేకపోతే ఎండ బాల్కనీ దాటి హాల్లోకి కూడా వస్తుంది. నా తీగ చలికాలంలో పూసింది అందుకే.

"ఇంట్లో వెలుతురు బాగానే ఉంది కదా!"

ఇది మన కంటి మోసం. తక్కువ వెలుతురుకి కన్ను సర్దుకుంటుంది, మొక్క సర్దుకోలేదు. మిట్టమధ్యాహ్నం ఎండలో వెలుతురు లక్ష లక్స్ దాకా ఉంటుంది. లైటు వేసిన హాల్లో రెండు మూడొందల లక్స్ ఉంటే ఎక్కువ. మనీప్లాంట్ ఆ వెలుతురులో బతుకుతుంది, ఎందుకంటే దాన్ని మనం పువ్వు అడగం. శంఖుపుష్పానికి, మల్లెకి, జాజికి, రాధామనోహరానికి ఎండ కావాలి. రోజుకి ఐదారు గంటల ఎండ ఉంటే శంఖుపుష్పం బాగా పూస్తుంది. మూడు గంటలుంటే ఏదో పూస్తుంది. అంతకన్నా తక్కువైతే ఆకే.

చిన్న పరీక్ష చెప్తాను. సెలవు రోజున కుండీ ఉన్న చోట గంటకోసారి చెయ్యి చాపి చూడండి. వేళ్ల నీడ అంచులు స్పష్టంగా పడితే అది ఎండ. మసకగా పడితే అది వెలుతురు మాత్రమే. ఎండ పడిన గంటలు లెక్కేసి రాసుకోండి. ఈ లెక్క ఒకసారి డిసెంబరులో, ఒకసారి జూన్‌లో చెయ్యాలి. ఒక్కసారి చూసి వదిలేస్తే నాలాగే మోసపోతారు.

ఏ దిక్కు బాల్కనీకి ఏం చెయ్యాలి

ఫోన్‌లో కంపాస్ పెట్టి దిక్కు చూసుకోండి.

తూర్పు: ఫ్లాట్‌లో పూలతీగకి ఇదే అన్నిటికన్నా మంచిది. ఏడాదంతా పొద్దుటి ఎండ ఉంటుంది.

పడమర: పూలు బాగానే వస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో కుండీ కాలిపోకుండా మట్టి మీద ఎండుటాకుల ఆచ్ఛాదన మందంగా వెయ్యాలి.

దక్షిణం: ఆగస్టు, సెప్టెంబరుల్లో విత్తుకోండి, చలికాలమంతా పూస్తుంది. మే నుంచి ఆగస్టు మొదటివారం దాకా కుండీని మేడ మీదకో, తూర్పు కిటికీకో మార్చండి.

ఉత్తరం: వేసవిలో ఉదయం, సాయంత్రం ఏటవాలు ఎండ వస్తుంది. మార్చిలో విత్తితే ఆగస్టు దాకా పూలు చూడొచ్చు. చలికాలంలో ఆశ పెట్టుకోకండి.

ఎదురు బిల్డింగ్ ఎంత దగ్గరగా ఉంటే ఈ లెక్క అంత తగ్గుతుంది. మా నల్లకుంట సందుల్లో ఫస్ట్ ఫ్లోర్ వాళ్లకీ నాలుగో ఫ్లోర్ వాళ్లకీ ఒకే దిక్కయినా ఒకే ఎండ ఉండదు.

కుండీ మార్చాలంటే తీగ గ్రిల్‌కి చుట్టుకుని ఉండకూడదు. జులైలో నా తీగని గ్రిల్ నుంచి విడదియ్యలేక అక్కడే ఉంచేశా. అందుకే సెప్టెంబరు దాకా ఆగాల్సి వచ్చింది. ఇప్పుడు కుండీలోనే మూడు వెదురు కర్రలు గుచ్చి, పైన కలిపి కట్టి, చుట్టూ పురికొస తిప్పా. తీగ దాని మీదే పాకుతుంది. ఎత్తు నాలుగడుగులు దాటకుండా చిగురు తుంచుతా. తుంచిన చోట పక్క కొమ్మలు వస్తాయి, ఎక్కువ కొమ్మలంటే ఎక్కువ పూలు.

విత్తనం, మట్టి, జీవామృతం

గింజ పైపెంకు గట్టిగా ఉంటుంది. ఇసుక కాగితం మీద ఒక పక్క కొంచెం రుద్ది, రాత్రంతా నీళ్లలో నానబెట్టి, అర అంగుళం లోతులో పెట్టండి. వారం నుంచి రెండు వారాల్లో మొలుస్తుంది. పన్నెండు అంగుళాల కుండీకి రెండు మొక్కలు చాలు.

మట్టి: ఎర్రమట్టి రెండు వంతులు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక వంతు, కోకోపీట్ ఒక వంతు, గుప్పెడు వేపపిండి.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. శంఖుపుష్పం చిక్కుడు, కంది జాతిది. దాని వేర్ల బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకి ఇస్తుంది. బుడిపెని కోస్తే లోపల గులాబి రంగు కనిపిస్తే అది పని చేస్తున్నట్టు. మనం పైనుంచి నత్రజని ఎక్కువ పెడితే మొక్క ఆ బుడిపెల్ని తగ్గించుకుని ఆకు మీద పడుతుంది. నేను జులైలో చేసింది అదే.

అందుకని జీవామృతం నెలకోసారి చాలు. సుభాష్ పాలేకర్ గారి కొలత ఎకరానికి 200 లీటర్లు. ఫ్లాట్‌కి రెండు లీటర్ల నీళ్లు తీసుకోండి. అందులో 100 గ్రాముల ఆవుపేడ, 100 మిల్లీలీటర్ల ఆవు మూత్రం, 20 గ్రాముల బెల్లం, 20 గ్రాముల శనగపిండి, చిటికెడు చెట్టు కింది మట్టి కలపాలి. నీడలో 48 గంటలు ఉంచి, రోజుకి రెండుసార్లు కర్రతో తిప్పాలి. తర్వాత ఒక వంతుకి పది వంతుల నీళ్లు కలిపి సాయంత్రం పొయ్యండి. వారంలోపే వాడెయ్యాలి. వాసన వస్తుంది కాబట్టి మేడ మీద కలుపుకుంటే పక్కింటివాళ్లతో మాట రాదు.

పువ్వు ఒక్క రోజుదే. వాడిన పూలు, లేత కాయలు తీసేస్తుంటే కొత్త మొగ్గలు వస్తాయి. విత్తనానికి రెండు కాయలు మాత్రం ఎండనివ్వండి. గింజలు పిల్లల నోట్లో పడకుండా చూసుకోండి, తింటే విరేచనాలవుతాయి.

పేనుబంక వస్తే ముందు నీళ్లు గట్టిగా కొట్టండి. తగ్గకపోతే లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం కుంకుడు రసం కలిపి సాయంత్రం ఆకు కింద కూడా తడిసేలా కొట్టండి.

నీళ్లు, కుండీ కింద ప్లేటు

ఇది అన్నిటికన్నా ముఖ్యం, దయచేసి దాటెయ్యకండి.

పూలు రావట్లేదని నీళ్లు పెంచా అన్నాను కదా. ఆ నీళ్లు కింద ప్లేటులోకి దిగి నిలిచాయి. ఎండ లేని బాల్కనీ కాబట్టి ఆరలేదు. జులై చివర్లో దోమల నివారణ సిబ్బంది వచ్చి, ప్లేటులోకి టార్చి వేసి చూపించారు. సన్నని పురుగులు గిలగిలా తిరుగుతున్నాయి. ఆ వారమే కింద ఫ్లాట్ బాబుకి జ్వరం. ఫీవర్ హాస్పిటల్ మాకు నడిచి వెళ్లే దూరంలోనే ఉంది. వానాకాలంలో అక్కడ ఓపీ లైన్ ఎలా ఉంటుందో రోజూ చూస్తూనే ఉంటాం. బాబుకి డెంగీ కాదని రిపోర్టు వచ్చేదాకా నాకు నిద్ర పట్టలేదు.

డెంగీ దోమ మురికి కాలవలో కన్నా ఇలాంటి ఇంటి నీళ్లలోనే గుడ్లు పెడుతుంది, పగలు కుడుతుంది. గుడ్డు నుంచి దోమ అవ్వడానికి వారం, పది రోజులు చాలు. గుడ్లు నీటి అంచుకి పైన, ప్లేటు గోడకి అంటుకుని ఉంటాయి. నీళ్లు పారబోసినా అవి నెలల తరబడి ఎండి ఉండి, మళ్లీ తడి తగలగానే లేస్తాయి. అందుకే వారానికోసారి ప్లేటుని పీచుతో రుద్ది కడగాలి. నేనైతే ప్లేట్లు తీసేసి, కుండీని రెండు ఇటుకల మీద పెట్టా. నీళ్లు కూడా వేలు రెండు కణుపులు మట్టిలో గుచ్చి, పొడిగా తగిలితేనే పోస్తున్నా. కిందికి కారేంత పొయ్యను.

ఈ ఏడాది మే మొదటివారంలోనే కుండీ మేడ మీదకి వెళ్లింది, పిన్నిగారి పెయింటు డబ్బా పక్కకి. అత్తయ్య పొద్దున్నే మెట్లెక్కి పూలు కోసుకొస్తున్నారు. మోకాళ్ల నొప్పులున్నాయి కదా, నేను తెస్తానంటే వినరు.

మీ బాల్కనీ ఏ దిక్కో, ఎన్ని గంటలు ఎండ పడుతుందో కామెంట్‌లో రాయండి. అప్పుడే ఏ తీగ పెట్టొచ్చో చెప్పగలను. ఎరువు గురించి ఆ తర్వాత మాట్లాడుకుందాం.