ముందు గాలి, తరువాతే రంగు

మిగ్-21 రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు ఏడు మీటర్లకు కాస్త ఎక్కువ. 1/72 స్కేలు ప్లాస్టిక్ కిట్‌లో ఆ రెక్కలు పది సెంటీమీటర్లలో ఇమిడిపోతాయి. దానికి కుంచెతో రెండు మూడు పూతలు వేశామనుకుందాం. రంగు పొర మందం మిల్లీమీటరులో పదో వంతుకు చేరిందనుకుందాం. లెక్క ప్రకారం అసలు విమానానికి ఏడు మిల్లీమీటర్ల మందాన రంగు పులిమినట్టు! అచ్చులో ఎంతో ఓపికగా చెక్కిన రేకుల అతుకుల గీతలు, రివెట్ల గుర్తులు ఆ పొర కింద పూడిపోతాయి. కుంచెతోనే పలచగా, అద్భుతంగా వేసే చేతులున్నాయి, కాదనను. కానీ ఆ పలచదనం తొలి కిట్ నుంచే అందాలంటే ఎయిర్‌బ్రష్ కావాలి.

ఇది కొత్త పరికరమేమీ కాదు. 1890లలోనే అమెరికాలో చార్లెస్ బర్డిక్ తీర్చిదిద్దిన నమూనాకూ నేటి ఎయిర్‌బ్రష్‌కూ మూలసూత్రం ఒకటే. కొసన సన్నని నాజిల్ ఉంటుంది. దాని రంధ్రాన్ని లోపలి నుంచి ఒక సూది మూసి ఉంచుతుంది. నాజిల్ చుట్టూ గాలి వేగంగా దూసుకుపోతుంటే దాని మూతి దగ్గర పీడనం తగ్గుతుంది. సూది వెనక్కి జరగగానే ఆ తక్కువ పీడనంలోకి రంగు లాక్కుపోతుంది, గాలి దెబ్బకు చిన్నచిన్న తుంపరలుగా చీలిపోతుంది. ప్రెషర్ పెంచితే తుంపరలు ఇంకా చిన్నవవుతాయి. మేలే కదా అనిపిస్తుంది. కానీ తుంపర వ్యాసం సగమైతే, అంతే రంగుకు గాలి తగిలే ఉపరితలం రెట్టింపవుతుంది. అప్పుడు ఆక్రిలిక్ రంగు మోడల్‌ను చేరేలోపే దారిలో ఆరిపోయి, దుమ్ము చల్లినట్టు గరుకుగా పడుతుంది. అందుకే ఎక్కువ ప్రెషర్ ఎక్కువ నాణ్యత కాదు. పాలలా పలచగా కలిపిన రంగుకు 15 నుంచి 20 పీఎస్‌ఐ చాలు. మచ్చలు, సన్నగీతలు వేసేటప్పుడు 10-12కి దింపి, మోడల్‌కు రెండు మూడు సెంటీమీటర్ల దూరంలోకి తేవాలి.

ఇక ఏ ఎయిర్‌బ్రష్ అంటే, నా మాట సూటిగా చెప్తాను: డబుల్ యాక్షన్, గ్రావిటీ ఫీడ్, 0.3 మిల్లీమీటర్ల నాజిల్. గ్రావిటీ ఫీడ్‌లో కప్పు పైనుంటుంది, రంగు దానంతటదే దిగుతుంది, కనుక తక్కువ ప్రెషర్‌తో పని జరుగుతుంది, నాలుగు చుక్కల రంగు కూడా వృథా పోదు. కింద సీసా వేలాడే సైఫన్ రకం పెద్ద మోడళ్లకు, ఒకే రంగు గంటసేపు వేసే పనికి నప్పుతుంది. 0.2 నాజిల్ చూసి చాలామంది ముచ్చటపడతారు. యుద్ధకాలపు జర్మన్ విమానాల పక్కల మీది మచ్చలు 1/72లో వేయాలంటే అది వరమే. కానీ ప్రైమర్‌కూ మెటాలిక్ రంగులకూ అది తరచు మూసుకుపోతుంది. మొదటి పరికరంగా వద్దు.

డబుల్ యాక్షన్ ట్రిగ్గర్‌ను వేలు అలవాటు చేసుకోవడానికి కొంత కాలం పడుతుంది. కిందికి నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు. మొదలుపెట్టేటప్పుడు గాలి ముందు. ఆపేటప్పుడు ట్రిగ్గర్‌ను ముందుకు తోసి రంగు ఆపేసి, ఆ తర్వాతే వేలెత్తాలి. తొందరపడి ముందే గాలి ఆపేస్తే సూది కొసన ఒక చుక్క నిలిచిపోతుంది. మళ్లీ నొక్కగానే అది రెక్క మీద చిట్లుతుంది. పరికరం పాడైందని అనుకునే సందర్భాల్లో చాలావాటికి కారణం ఆ ఒక్క చుక్కే.

ఇక్కడిదాకా అందరూ శ్రద్ధగానే చదువుతారు. డబ్బంతా ఎయిర్‌బ్రష్‌కు పోసి, కంప్రెసర్ దగ్గరికి వచ్చేసరికి ఏదో ఒకటిలే అంటారు. నా దృష్టిలో ఇది తలకిందుల లెక్క. మంచి గాలి అందితే మామూలు ఎయిర్‌బ్రష్ కూడా చక్కగా పనిచేస్తుంది. చెడ్డ గాలికి ఎంత ఖరీదైనదైనా లొంగిపోతుంది.

ట్యాంకు లేని చిన్న కంప్రెసర్‌ను తీసుకోండి. మోటారు నిమిషానికి 1400 చుట్లు తిరిగితే, పిస్టన్ సెకనుకు 23 సార్లు గాలిని తోస్తుంది. అంటే గాలి ధారగా కాక దడదడా వస్తుంది. మన చేయి సెకనుకు అయిదు సెంటీమీటర్లు కదిలితే, రెండు తోపుల మధ్య దూరం రెండు మిల్లీమీటర్లు. గొట్టం ఆ దడను కొంత మింగుతుంది గానీ, సన్నగీతలో మిగిలినది కంటికి కనబడుతుంది. ట్యాంకు చేసే మొదటి మేలు ఆ దడను చదును చేయడం. గాలి నిల్వకని చాలామంది అనుకుంటారు. కానీ మూడు లీటర్ల ట్యాంకులో పీడనం 4 బార్ల నుంచి 3కి దిగేలోపు మనకు దక్కేది మూడు లీటర్ల మామూలు గాలి. నిమిషానికి పన్నెండు లీటర్లు వాడుకునే ఎయిర్‌బ్రష్‌కు అది పావు నిమిషానికి సరి! అందుకే పంపు సామర్థ్యం కూడా చూసుకోవాలి. నిమిషానికి 20 లీటర్లకు తగ్గకుండా ఉంటే మోటారుకు మధ్యమధ్య ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరుకుతుంది.

రెగ్యులేటర్ తప్పనిసరి. గేజ్ మీద 20 చూపించి, ట్రిగ్గర్ నొక్కగానే 14కు పడిపోవచ్చు. కాబట్టి గాలి వదులుతూనే ప్రెషర్ సరిచేసుకోవాలి. కీళ్ల దగ్గర బుస్సుమంటుంటే మరకు టెఫ్లాన్ టేపు చుట్టండి.

అన్నిటికన్నా మన తీరప్రాంతాల వారిని వేధించేది నీరు. విశాఖలోనో కాకినాడలోనో 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజున ఘనపు మీటరు గాలిలో దాదాపు 24 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. ఆ గాలిని నాలుగో వంతు జాగాలోకి కుదించి, మళ్లీ 30 డిగ్రీలకు చల్లార్చితే, అది పట్టి ఉంచగలిగేది ఏడున్నర గ్రాములే. మిగతా 16 గ్రాములు నీరు కావలసిందే. గంటసేపు పనిచేస్తే రెండు చెంచాలకు పైనే నీరు తేలుతుంది. కొంత ట్యాంకు అడుగున చేరుతుంది. కొంత ఆవిరిగానే వేడి గాలితో పోయి గొట్టంలో చల్లబడి చుక్క కడుతుంది, ఒక్కసారిగా రంగుతో పాటు ఎగిరి పడుతుంది. కంప్రెసర్ బయట వరండాలో పెట్టి ఏసీ గదిలో కూర్చుని రంగు వేస్తే ఈ బాధ ఇంకా ఎక్కువ. రెగ్యులేటర్ దగ్గర ఒక మాయిశ్చర్ ట్రాప్, ఎయిర్‌బ్రష్ పిడి దగ్గర ఇంకో చిన్నది పెట్టుకోండి. పని ముగిశాక ట్యాంకు కింది మర విప్పి నీరు వదిలేయండి. లేకపోతే లోపలినుంచి తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ట్యాంకులో ఒత్తిడి నింపడం ప్రమాదం.

పాత ఫ్రిజ్ కంప్రెసర్‌తో సొంతంగా చేసుకునేవారు మనలో ఉన్నారు. చప్పుడే ఉండదు, నిజమే. కానీ దానికి సేఫ్టీ వాల్వు, తనంతట తాను ఆగే ప్రెషర్ స్విచ్, నూనె తుంపర్లను ఆపే ఫిల్టర్ లేకుండా నడపకండి. కేకుల అలంకరణకు వచ్చే చేతిలో పట్టే చార్జింగ్ రకాలు సన్నపనికి చాలవు.

ఒకటి మాత్రం వెనక్కి నెట్టొద్దు. మామూలు ఎన్95 మాస్కు తుంపరలను ఆపుతుంది, థిన్నర్ ఆవిరిని ఆపదు. లాకర్ రంగులు వాడితే ఆర్గానిక్ ఆవిర్లను పీల్చే కార్ట్రిడ్జి ఉన్న మాస్కు, గాలిని కిటికీలోంచి బయటకు తోసే ఫ్యాను రెండూ ఉండాలి. ఇంట్లో పిల్లలుంటే ఆ గది తలుపు మూసి ఉంచండి.

చివరగా, డబ్బు కట్టే ముందు దుకాణదారును ఇది అడగండి: ఈ మోడల్‌కు విడి నాజిల్, విడి సూది మన దేశంలో దొరుకుతాయా? సూది కొస ఒక్కసారి సింకులో తగిలినా వంగుతుంది, నాజిల్ బిగించేటప్పుడు చీలుతుంది. అవి దొరకని ఎయిర్‌బ్రష్ ఎంత చవకైనా కొనకండి.