పన్ను నొప్పి, పాలు తాగే పాపాయి

ముందే చెప్పేస్తున్నాను, నేను డాక్టర్ని కాను, కంప్యూటర్ల వాణ్ణి. మా ఇంట్లో జరిగిన సంగతి వల్ల ఈ విషయం చదవాల్సి వచ్చింది.

మా పాపకి నాలుగో నెల నడుస్తుండగా మా ఆవిడకి దవడ పన్ను నొప్పి మొదలైంది. రూట్ కెనాల్ చెయ్యాలన్నారు. అపాయింట్‌మెంట్ ఇస్తూ కౌంటర్లో అమ్మాయి, "రెండు రోజులు పాలు పిండి పారబొయ్యండి" అంది. పాపేమో సీసా నోట పెట్టదు. ఇక మా ఆవిడ వెళ్ళడమే మానేసి, మా అత్తగారిచ్చిన లవంగం పంటి కింద పెట్టుకుని మూడు రాత్రులు జాగారం చేసింది. నాలుగో రోజుకి బుగ్గ వాచింది.

అప్పుడు పిల్లల డాక్టరుకి ఫోన్ చేశాం. "పాలు ఆపక్కర్లేదు, నొప్పి ఓర్చుకోనూ అక్కర్లేదు" అన్నారావిడ.

పన్ను మొద్దుబారడానికిచ్చే లిడోకెయిన్ సూదిమందు పాలలోకి వచ్చేది బహు తక్కువ. వచ్చిన ఆ కాస్తా పాప కడుపులోంచి రక్తంలోకి సరిగా ఎక్కదు. ఎక్స్‌రే వల్ల పాలకి ఏమీ కాదు. నొప్పికి ఐబుప్రొఫెన్, లేదా టైలెనాల్, అదే మన పారాసెటమాల్, సరిపోతాయి. చీముకి సాధారణంగా రాసే అమాక్సిసిలిన్ పసిపిల్లలకి నేరుగా కూడా ఇస్తారు. తల్లి వాడుతున్నప్పుడు పాపకి విరేచనాలు పల్చబడినా, నోట్లో తెల్లపూత కనబడినా డాక్టరుకి చెప్పాలి.

అసలు జాగ్రత్త పడాల్సింది గట్టి నొప్పి మాత్రల దగ్గర. కోడీన్ మన ఒంట్లో కొంత మార్ఫిన్‌గా మారుతుంది. ఎంత మారుతుందన్నది మనిషి మనిషికీ తేడా. కొందరిలో పుట్టుకతోనే ఆ మార్పు చాలా వేగం. అలాంటి తల్లి పాలలో మార్ఫిన్ ఎక్కువై, పాప మరీ మత్తుగా పడుకోవచ్చు, పాలు తాగలేకపోవచ్చు, ఊపిరి కూడా కష్టం కావచ్చు. మన ఒళ్ళు ఏ రకమో మాత్ర మింగే ముందు మనకి తెలియదు కదా! అందుకే కోడీన్, ట్రమడాల్ వాడుతుంటే పాలివ్వొద్దని 2017 ఏప్రిల్‌లో ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ప్రిస్క్రిప్షన్‌లో ఈ పేర్లుంటే వేరేది రాయమని అడగండి.

ఇంకోటి, మన సూట్‌కేసుల్లో వచ్చే మాత్రలు. నిమెసులైడ్‌కి అమెరికాలో అనుమతే లేదు. ఇండియాలో కూడా పన్నెండేళ్ళ లోపు పిల్లలకి 2011లోనే నిషేధించారు. పాలిచ్చే తల్లి దాని జోలికి పోకపోవడం మంచిది.

లాక్ట్‌మెడ్ అని ఒక ఉచిత డేటాబేసు ఉంది. మందు పేరు కొడితే పాలలోకి ఎంత వస్తుందో చెబుతుంది. డేటాబేసుల్లో తప్పులు పట్టడం నా ఉద్యోగం, అయినా ఇది నాకు నచ్చింది. నెలలు నిండకుండా పుట్టిన పాప అయినా, నెల లోపు పసిగుడ్డు అయినా మాత్రం పిల్లల డాక్టర్ని అడక్కుండా ఏదీ వాడకండి.

రూట్ కెనాల్ అయిన రోజు మా ఆవిడ పార్కింగ్ లాట్‌లోనే, కారు వెనక సీట్లో కూర్చుని పాలిచ్చింది. బుగ్గ ఇంకా మొద్దుగానే ఉంది, మాట సరిగా రావట్లేదు. పాప మాత్రం తాగి హాయిగా నిద్రపోయింది.