పాస్‌వర్డ్ అడగని తెలివి

భద్రాచలంలో డిగ్రీ పిల్లలకు కంప్యూటర్ పాఠం చెప్పేవాడు సిలబస్‌ను నమ్ముకుంటే కుదరదు. మొన్న బోర్డు మీద బాణాలు గీసి, ఉద్యోగానికి దరఖాస్తు తీసుకునే యాప్‌కి డిజిలాకర్‌లోని మార్కుల మెమో ఎలా చేరుతుందో చెబుతున్నాను. యాప్ మనల్ని డిజిలాకర్‌కి పంపుతుంది. మనం సరే అంటాం. డిజిలాకర్ ఒక కోడ్ ఇస్తుంది. ఆ కోడ్ చూపించి యాప్ ఒక టోకెన్ తెచ్చుకుంటుంది, టోకెన్ చూపించి మెమో తీసుకుంటుంది. దుమ్ముగూడెం బస్సులో వచ్చే అమ్మాయి చెయ్యెత్తింది. "సార్, ఎట్లాగూ ఇచ్చేది టోకెనే కదా. మధ్యలో ఈ కోడ్ దేనికి? సరాసరి టోకెనే ఇచ్చేస్తే ఒక తిరుగుడు తగ్గుద్ది కదా!"

ఓఆత్ అనే యంత్రం ప్రాణమంతా ఆ తిరుగుడులోనే ఉంది. దీనికి చక్రాలూ పళ్లూ లేవు. అయినా ఏ భాగం ఎప్పుడు కదలాలో, ఏది దేన్ని ముట్టుకోకూడదో లెక్కగా అమర్చిన యంత్రమే. ఏదో యాప్‌కి మన గూగుల్ డ్రైవ్ చూసే అనుమతి ఇచ్చినప్పుడల్లా వెనక తిరిగేది ఇదే. "గూగుల్‌తో లాగిన్ అవ్వండి" అనే బటన్ కూడా దీని మీద కట్టిన మరో అంతస్తే.

ఇది లేని రోజులు ఎలా ఉండేవో చూడాలంటే మన ఆన్‌లైన్ సెంటర్లలో ఉండే లాంగ్ నోట్‌బుక్ తెరిస్తే చాలు. స్కాలర్‌షిప్‌కో, దోస్త్ అనే డిగ్రీ అడ్మిషన్‌కో వచ్చిన పిల్లల పేరు, ఫోన్ నంబరు, ఈమెయిల్, దాని పక్కనే పాస్‌వర్డ్. కొన్ని పాస్‌వర్డ్‌లు కొట్టేసి, పైన కొత్తవి ఇరికించి ఉంటాయి. పిల్లలు మర్చిపోతారని మంచికే రాసుకుంటారు. 2006 ప్రాంతంలో ఇంటర్నెట్‌లో చాలా సైట్లు ఇదే పద్ధతిలో నడిచాయి. కొత్త సైట్‌లో చేరగానే "మీ స్నేహితులు ఎవరెవరు ఇక్కడ ఉన్నారో వెతికిపెడతాం, మీ ఈమెయిల్ పాస్‌వర్డ్ ఇవ్వండి" అని అడిగేది, జనం ఇచ్చేవాళ్లు. వాళ్లకు కావలసింది అడ్రసుల జాబితా ఒక్కటే. చేతికి వెళ్లింది మాత్రం ఉత్తరాలన్నీ చదివి, మన పేరుతో కొత్తవి రాసి, చివరికి పాస్‌వర్డ్ మార్చి మనల్నే బయట నిలబెట్టే అధికారం. వెనక్కి తీసుకోవాలంటే పాస్‌వర్డ్ మార్చడం తప్ప దారి లేదు. మారిస్తే నమ్మకమైన యాప్‌లు కూడా అన్నీ ఒక్కసారే ఆగిపోతాయి.

ట్విట్టర్‌లో పనిచేసే బ్లెయిన్ కుక్‌కి 2006 చివర్లో ఈ చిక్కే ఎదురైంది. ఏపీఐ అంటే ఒక ప్రోగ్రామ్ ఇంకో సర్వర్‌ని సమాచారం అడగడానికి ఉన్న ఏర్పాటు. యజమాని పాస్‌వర్డ్ చెప్పకుండా ఆ ఏపీఐని వాడుకునే అనుమతి మరో ప్రోగ్రామ్‌కి ఇవ్వడం ఎలా? గూగుల్‌కీ, యాహూకీ, ఫ్లికర్‌కీ ఎవరి పద్ధతి వారికి ఉంది, అందరికీ పనికొచ్చేది లేదు. మాగ్నోలియా అనే సైట్ నడిపే ల్యారీ హాఫ్, క్రిస్ మెస్సినా, ఇంకొందరు కలిశారు. ట్విట్టర్‌కి హ్యాష్‌ట్యాగ్ ఆలోచన ఇచ్చిన మెస్సినాయే ఈయన. 2007 చివరికి ఓఆత్ 1.0 తయారైంది.

వాళ్లు పట్టుకున్న సూత్రం మా ఏజెన్సీ ప్రాంతంలో తునికాకు లారీ ఎక్కిన ఎవరికైనా తెలుసు. కల్లం దగ్గర్నుంచి గోడౌన్‌కి బయల్దేరిన లారీ వెంట అటవీ శాఖ పర్మిట్ ఉంటుంది. ఎన్ని బస్తాలు, ఎక్కణ్నుంచి ఎక్కడికి, ఏ తేదీ దాకా అన్నది అందులో రాసి ఉంటుంది. చెక్‌పోస్టులో చూసేది ఆ కాగితాన్నే. దానితో వెదురు తరలిస్తానంటే కుదరదు, గడువు దాటాక ఆకు తెచ్చినా కుదరదు. టోకెన్ కూడా అంతే. ఎవరి తరఫున, ఏ యాప్‌కి, ఏ సమాచారం, ఎంతసేపు అన్నంతవరకే దాని బలం.

ఇక ఆ అమ్మాయి ప్రశ్న. ఈ కథలో రెండు దారులున్నాయి. మొదటిది మన ఫోన్‌లోని బ్రౌజర్ గుండా పోయే ముందు దారి. రెండోది యాప్ సర్వర్‌కీ డిజిలాకర్ సర్వర్‌కీ మధ్య నేరుగా ఉన్న వెనక దారి. డిజిలాకర్ పేజీ తెరుచుకుంటుంది, మనం ఓటీపీ కొడతాం, ఆరంకెల పిన్ కొడతాం. ఇవి యాప్ కంట పడవు. ఏ యాప్ అడుగుతోందో, ఏం అడుగుతోందో తెర మీద కనిపిస్తుంది. సరే అనగానే బ్రౌజర్ యాప్ చిరునామాకి తిరిగి వెళుతుంది. డిజిలాకర్ ఇచ్చిన కోడ్ ఆ చిరునామా తోకకు అతుక్కుని ఉంటుంది.

అక్కడ టోకెనే అతికించి పంపామనుకోండి. బ్రౌజర్ చిరునామా నలుగురి కళ్లూ పడే చోటు. అది హిస్టరీలో మిగులుతుంది, సర్వర్ల లాగ్ ఫైళ్లలోకి ఎక్కుతుంది, బ్రౌజర్‌కి తగిలించుకున్న ఎక్స్‌టెన్షన్లు చదువుతాయి. ఇంటర్నెట్ సెంటర్ కంప్యూటర్‌లో అయితే మన తర్వాత కుర్చీలో కూర్చున్నవాడు హిస్టరీ తిప్పితే చాలు. అందుకే ఆ దారిలో దొరికినా పనికిరానిదే పంపుతారు. కోడ్ ఒక్కసారే చెల్లుతుంది. దాని ఆయుష్షు పది నిమిషాలు మించకూడదని ఓఆత్ ప్రమాణం సలహా. దాన్ని టోకెన్‌గా మార్చుకోవాలంటే యాప్ వెనక దారిలో వచ్చి, తనకూ డిజిలాకర్‌కీ మాత్రమే తెలిసిన రహస్యం కూడా చెప్పాలి. ఒకే కోడ్ రెండోసారి వచ్చిందంటే ఎవరో కాజేసి ఉండొచ్చని అర్థం. రెండోసారి వచ్చినవాడికి ఏమీ దక్కదు, మొదటిసారి ఇచ్చిన టోకెన్ కూడా రద్దు చేయడం మంచిదని ప్రమాణం చెబుతుంది.

నాకు ఇందులో మహా ఇష్టమైన సంగతి, రెండు వేర్వేరు ప్రశ్నలకు రెండు వేర్వేరు చోట్ల జవాబు రాబట్టడం. అనుమతి ఇస్తున్న మనిషి ఎవరో ముందు దారిలో తేలుతుంది. అనుమతి పుచ్చుకుంటున్న యాప్ ఏదో వెనక దారిలో తేలుతుంది. కోడ్ ఆ రెండు జవాబులనూ ముడివేసే దారం.

చర్ల వైపు పిల్లలకు ఇది తెలియకుండానే అనుభవం. సరే అని నొక్కీ నొక్కగానే సిగ్నల్ పోతుంది. పావుగంట తర్వాత సిగ్నల్ దొరికి పేజీ మళ్లీ లోడ్ చేస్తే చెల్లదంటుంది. కోడ్ దారిలోనే చచ్చిపోయింది, అంతే. మొదటి నుంచి మొదలుపెట్టాలి. అదే కోడ్ ఒక్కసారి యాప్ సర్వర్‌కి చేరిందంటే ఇక ఇక్కడ సిగ్నల్ ఉన్నా పోయినా ఒకటే. మిగతా మాటలన్నీ సర్వర్ల మధ్యే నడుస్తాయి.

తమాషా ఏమిటంటే ఆ అమ్మాయి అడిగిన అడ్డదారి 2012లో వచ్చిన ఓఆత్ 2.0లో నిజంగానే ఉంది. ఇంప్లిసిట్ అని పేరు. కోడ్ లేకుండా సరాసరి టోకెనే బ్రౌజర్‌కి ఇచ్చేవారు. అప్పటి బ్రౌజర్లలో నడిచే ప్రోగ్రామ్‌లకు వెనక దారి సరిగ్గా అందేది కాదు, అందుకని. 2025 జనవరిలో వచ్చిన భద్రతా మార్గదర్శకం ఆ పద్ధతి వాడొద్దంది.

మరి ఫోన్ యాప్ మాటేమిటి? రహస్యం దాచుకోవడానికి దానికి చోటు లేదు. ఏపీకే ఫైలు విప్పి లోపల ఏముందో చూడటం మా ఫైనలియర్ పిల్లలకే వచ్చు. పైగా అదే ఫోన్‌లోని దొంగ యాప్ ఒకటి "ఆ చిరునామా నాదే" అని నమోదు చేసుకుని, తిరిగొచ్చే కోడ్‌ని మధ్యలో అందుకోవచ్చు. దీనికి 2015లో నాట్ సకిమురా, జాన్ బ్రాడ్లీ, నవీన్ అగర్వాల్ రాసిన మందు పేరు పిక్సీ. యాప్ ప్రతిసారీ కొత్తగా 43 నుంచి 128 అక్షరాల అడ్డదిడ్డపు మాట ఒకటి పుట్టిస్తుంది. దాన్ని ఎస్‌హెచ్‌ఏ-256 అనే లెక్కలో వేసి, వచ్చిన ఫలితాన్ని మాత్రమే మొదటి అడుగులో పంపుతుంది. ఫలితం నుంచి అసలు మాట రాబట్టడం ఎవరి తరమూ కాదు. తర్వాత కోడ్ తెచ్చి చూపేటప్పుడు అసలు మాట బయటపెడుతుంది. సర్వర్ అదే లెక్క వేసి, ముందొచ్చిన ఫలితంతో సరిపోతేనే టోకెన్ ఇస్తుంది. దొంగకు కోడ్ దొరికింది, ఫలితం కూడా దొరికిందనుకుందాం. అసలు మాట యాప్ జేబులోనే ఉంది కనుక లాభం లేదు. శాశ్వతంగా దాచాల్సిన రహస్యమే లేకుండా చేశారు. అప్పటికప్పుడు పుట్టి, పని కాగానే పోయే రహస్యం. ఫోన్‌ల కోసం పుట్టిన ఈ ఉపాయాన్ని ఇప్పుడు సర్వర్ యాప్‌లకూ వాడమంటున్నారు.

ఈ కథలో ఒక పెద్ద తగాదా ఉంది. ఓఆత్ 1.0లో యాప్ పంపే ప్రతి అభ్యర్థన మీదా గణిత సంతకం ఉండాలి. టోకెన్ దొంగిలించినా సంతకం చేసే రహస్యం లేకపోతే వృథా. కానీ ఆ సంతకం పెట్టడం నరకం. వివరాలన్నీ వరసలో పేర్చాలి, ఒక్క ఖాళీ గుర్తును తప్పుగా మార్చినా "సంతకం చెల్లదు" అని ముఖాన కొట్టేది. 2.0లో సంతకం తీసేసి, దారిలో రక్షణ భారమంతా హెచ్‌టీటీపీఎస్‌కి వదిలేశారు. టోకెన్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే మాట, ఇంకొకరి పర్మిట్ పట్టుకొచ్చిన లారీని కూడా వదిలేసే చెక్‌పోస్టులాగా. ఆ ప్రమాణం రాస్తున్న ఎరన్ హామర్ ఒప్పుకోలేదు. 2012 జూలైలో బాధ్యత వదిలేసి, తన పేరు కూడా తీయించుకుని వెళ్లిపోయాడు. అక్టోబరులో డిక్ హార్ట్ సంపాదకుడిగా 2.0 విడుదలైంది, లోకమంతా దాన్నే వాడింది. సులువుదే గెలుపు. అయితే 2023లో డీపాప్ అనే చేర్పు వచ్చింది. ప్రతి అభ్యర్థనతోపాటు "ఈ టోకెన్ నాదే" అని సంతకం చేసి రుజువు పంపే పద్ధతి అది. హామర్ పట్టుబట్టిన సంతకం పదకొండేళ్లకు పెరటి దారిన వచ్చింది.

ఆ తర్వాతి కథ గబగబా చెప్పేయొచ్చు. 2015లో మొదలైన మన డిజిలాకర్ ఓఆత్ 2.0నే పట్టుకుంది. చాలా బ్యాంకులు, క్లౌడ్ సర్వీసులు ఇందులోకే వచ్చాయి. 2025 నుంచి, మన తరఫున మెయిళ్లు చదివి పనులు చక్కబెట్టే ఏఐ సహాయకులను బయటి సర్వీసులకు కలిపే ఎంసీపీ ప్రమాణం కూడా అనుమతుల దగ్గరకొచ్చేసరికి ఓఆత్‌నే ఆశ్రయించింది. అడిగేది యాప్ అయినా ఏఐ అయినా, అనుమతి తెర మీద చదవాల్సినవి అవే: ఎవరు అడుగుతున్నారు, ఏం అడుగుతున్నారు, ఎంతకాలానికి.

ఎప్పుడో ఇచ్చి మరిచిపోయిన అనుమతులు మీ గూగుల్ ఖాతా సెట్టింగుల్లో యాప్‌ల పేర్లతో సహా జాబితాగా ఉంటాయి. తీరిగ్గా ఒకసారి చూడండి. గుర్తుపట్టలేని పేరు కనిపిస్తే తీసేయండి. పాస్‌వర్డ్ మార్చక్కర్లేదు, మిగతా యాప్‌లకు ఏమీ కాదు.